విహార నౌకలో దాహం: హక్కా, వ్యాపారమా?

సముద్రయానం ఒకప్పుడు మానవునికి అవసరం. నేడు అది వినోదం కూడ అయినది. మన పూర్వులు సరుకులు అమ్ముకొనడానికో, బ్రతుకుతెరువు వెదకుకొనడానికో, పుణ్యయాత్రకో ఓడ ఎక్కినారు. ఈ కాలంలో ఏ రేవులోను ఏ పనీ లేకుండ, కేవలం సముద్రాన్ని చూచి, నాలుగు రోజులు హాయిగా గడిపి రావడానికి ఓడ ఎక్కేవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. ఇట్టి విహార నౌకలకు అమెరికాలోని మయామీ రేవు పేరుపొందినది. అయినను ఈ ముచ్చట మనకు పరాయిది కాదు. 2022 జూన్‌లో మన విశాఖపట్నం నుండి ‘ఎంప్రెస్’ అనే విహార నౌక చెన్నై నగరానికి ప్రయాణికులను తీసుకొని పోయినది. 2023లో విశాఖ రేవులోనే అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైనది. నేడు ఈ పత్రికను చదివే విద్యార్థులలో కొందరు రేపు ప్రయాణికులుగానో, ఉద్యోగులుగానో అట్టి ఓడ మెట్లు ఎక్కవచ్చును.

అందుచేత ఒక చిన్న ప్రశ్నను ఇక్కడ పరిశీలించదలచినాము. ప్రయాణికుడు తాను కొనుక్కొన్న శీతల పానీయాలను తన వెంట ఓడలోనికి తీసుకొని పోవచ్చునా? సోడా సీసాల గురించి వ్యాసమా అని కొందరు నవ్వవచ్చును. కాని చిన్న వస్తువుల దగ్గరనే పెద్ద న్యాయాలు తేలుతవి. ఒకరి ఇంటిలోనికి డబ్బిచ్చి ప్రవేశించినప్పుడు మన హక్కులలో ఎన్ని గుమ్మం బయట వదలిపెట్టవలెను, ఎన్ని మన వెంట లోనికి రావలెను అన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

ఈ విషయంలో ఓడ కంపెనీలన్నిటికి ఒకే నియమం లేదు. కార్నివాల్ అనే పెద్ద కంపెనీ 2015 జూలై నుండి సీసాలలోని నీటిని, శీతల పానీయాలను ప్రయాణికులు తెచ్చుకొనడాన్ని నిషేధించినది. డబ్బాలలోను, అట్టపెట్టెలలోను వచ్చే మద్యరహిత పానీయాలను మాత్రం మనిషికి 12 చొప్పున, ఒక్కొక్కటి 12 ఔన్సులకు, అనగా సుమారు 355 మిల్లీలీటర్లకు మించకుండ, ఓడ ఎక్కే మొదటి రోజున చేతి సంచిలో తెచ్చుకొననిచ్చినది. నార్వేజియన్ కంపెనీ 2017 జూలైలో ఇంకను కఠినంగా వ్యవహరించి, నీటితో సహా అన్ని పానీయాలను ఆపివేసినది. పసిపిల్లల పాలకు, వైద్య యంత్రాలకు కావలసిన శుద్ధజలానికి మాత్రమే మినహాయింపు ఇచ్చినది. డిస్నీ వారి నౌకలలో భోజనంతోపాటు ఇచ్చే శీతల పానీయాల ధర టికెట్టులోనే కలిసి ఉన్నది. అక్కడ సీసా మోసుకొని పోవలసిన అవసరమే చాలవరకు లేదు. ఈ నియమాలు కాలానుగుణంగా మారుతుంటవి కాబట్టి, ప్రయాణానికి ముందు ఎవరి షరతులు వారు చదువుకొనవలసినదే.

నిషేధానికి రెండు కారణాలు ఉన్నవి. మొదటిది కంపెనీల వారు బాహాటంగా చెప్పేది; రెండవది వారి లెక్కల పుస్తకాలలో కనిపించేది.

మొదటి కారణం దొంగచాటు మద్యం. ఓడలో మద్యం ఖరీదు ఎక్కువ. అందుచేత కొందరు ప్రయాణికులు నీటి సీసాలలో వోడ్కాను, శీతల పానీయాల సీసాలలో రంగు మద్యాన్ని నింపి, మూతలు మళ్ళీ బిగించి, ఏమీ ఎరుగనివారివలె లోనికి తెస్తారు. వేలాది మంది ఒకే పూట ఓడ ఎక్కేచోట ప్రతి సీసా మూత తీసి వాసన చూడడం ఎవరికి సాధ్యం? మద్యం మత్తులో కలహాలు పుట్టినా, నడిసముద్రంలో ఒకడు కట్టుగోడ దాటి పడిపోయినా జవాబు చెప్పవలసినది ఓడ యజమానియే. ఈ కారణాన్ని మేము తోసివేయలేము. డబ్బాను ఒప్పుకొని సీసాను కాదనడంలోను వివేకం ఉన్నది. సీసా మూతను విప్పి బిగించవచ్చును గాని, రేకు డబ్బాను తెరచి మళ్ళీ మూయడం సులభం కాదు.

ఇక రెండవ కారణం రాబడి. విహార నౌకల వ్యాపారంలో టికెట్టు సొమ్ము ఒక భాగం మాత్రమే. ఓడ ఎక్కిన తరువాత పానీయాలు, జూదశాల, దుకాణాలు, తీరయాత్రలు మొదలైనవాటి మీద వచ్చేది మరొక భాగం. కార్నివాల్ సంస్థ 2023 లెక్కల ప్రకారం మొత్తం రాబడి సుమారు 2,160 కోట్ల డాలర్లు. అందులో సుమారు 750 కోట్ల డాలర్లు ఈ రెండవ పద్దు క్రింద వచ్చినవి. అనగా మూడవ వంతు కంటె ఎక్కువ. టికెట్టు చవకగా కనిపించడంలోని రహస్యం ఇదే. గుమ్మం దగ్గర తగ్గించిన ధరను లోపల దాహం తీర్చేచోట రాబట్టుకొంటారు. ప్రయాణికుని సంచిలోని 12 డబ్బాలు ఆ లెక్కకు అడ్డు వచ్చేవే.

లాభం పాపం కాదు. ఓడ నడపడానికి నూనె కావలెను, వందల మంది సిబ్బందికి జీతాలు కావలెను. కాని లాభం కొరకు చేసిన నియమానికి భద్రత అనే ముసుగు వేయడం మాత్రం మాకు సమ్మతం కాదు. రెండు కారణాలను విడదీసి చెప్పడంలోనే నిజాయితీ ఉన్నది.

ఈ నిషేధం మద్యం ముట్టనివారికి కలిగించే కష్టాన్ని కూడ గమనించవలెను. ఇస్లాం మద్యాన్ని నిషేధించినది. ఇతర మతాలవారిలోను నియమం కొద్దీ, ఆరోగ్యం కొద్దీ, ఇంటి మర్యాద కొద్దీ దానిని తాకనివారు ఎందరో ఉన్నారు. వారికి ఓడలో ఉల్లాసమంటే ఒక చల్లని సోడా, ఒక పండ్లరసం, ఒక షర్బతు. మద్యం దాచి తెచ్చేవాడు వేరొకడు. అతని మూలంగా తన సీసాను పోగొట్టుకొని, అదే పానీయాన్ని లోపల ఎక్కువ ధరకు కొనవలసినవాడు వీడు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టినట్లు, దొంగలున్నారని అందరి దాహం మీద సుంకం వేయడం న్యాయం కాదు.

దీనికి ఓడ యజమాని పక్షాన ఒక బలమైన వాదం ఉన్నది. ఓడ మాది, నియమం మాది, ఇష్టం లేనివారు ఎక్కనవసరం లేదు అన్నది ఆ వాదం. మన దేశంలో సినిమా హాళ్ళ విషయంలో ఇటువంటి వాదమే సుప్రీం కోర్టు ముందుకు వచ్చినది. జమ్మూ కాశ్మీర్ హైకోర్టు 2018లో ప్రేక్షకులు తమ తినుబండారాలను లోనికి తెచ్చుకొనవచ్చునని తీర్పు చెప్పగా, సుప్రీం కోర్టు 2023 జనవరి 3న దానిని త్రోసిపుచ్చినది. హాలు యజమాని బయటి తినుబండారాలను ఆపవచ్చును. అయితే పరిశుభ్రమైన త్రాగునీరు ఉచితంగా ఇవ్వవలెను, పసిపిల్లల కొరకు తెచ్చిన ఆహారాన్ని సమంజసమైన మేరకు రానీయవలెను. యజమాని హక్కును ఒప్పుకొంటూనే, ఆ హక్కు మనిషి కనీస అవసరాలను మింగివేయరాదని చెప్పిన ఈ తీర్పు మాకు సమతూకంగా కనిపించినది.

కాని సినిమా హాలుకు, ఓడకు ఒక పెద్ద భేదం ఉన్నది. హాలులో ధర నచ్చకపోతే మూడు గంటలు ఓర్చుకొనవచ్చును; విసుగు పుట్టితే లేచి బయటికి వచ్చి వీధి దుకాణంలో సోడా త్రాగవచ్చును. నడిసముద్రంలో వీధి ఎక్కడిది? రెండవ దుకాణం ఎక్కడిది? అక్కడ అమ్మేవాడు ఒక్కడే, కొనేవాడు కదలలేడు. కొనేవాని స్వేచ్ఛ ఎంత తగ్గితే అమ్మేవాని బాధ్యత అంత పెరగవలెనని మా అభిప్రాయం.

ఇది క్రొత్త సూత్రమేమీ కాదు. మన పెద్దలు బొంబాయి నుండి జెడ్డాకు ఓడలలో హజ్ యాత్రకు పోయిన కాలంలోనే ఇది చట్టాలలోనికి ఎక్కినది. 19వ శతాబ్దంలో ఓడ డెక్కు మీద ప్రయాణించిన యాత్రికులలో చాలమంది తమ బియ్యం, పిండి, పప్పు వెంట తెచ్చుకొని అక్కడనే వండుకొనేవారు. నీరు, వంటచెరకు ఇవ్వవలసిన బాధ్యత ఓడవారిది. 1895లో ప్రత్యేకంగా యాత్రికుల ఓడల చట్టం వచ్చినది. స్వాతంత్ర్యానంతరం 1958లో చేసిన వాణిజ్య నౌకల చట్టంలోను యాత్రికుల ఓడలకు ప్రత్యేక భాగం ఏర్పడినది. 1995తో ముంబయి నుండి హజ్ ఓడల ప్రయాణం ముగిసినది. కాని ఆ పాత ఓడలు నేర్పిన పాఠం ముగియలేదు. ఓడ ఎక్కిన మనిషి ఓడవాని చేతిలోని అమానతు. అతని దాహాన్ని కేవలం బేరంగా చూడరాదు.

అందుచేత విహార నౌకల వారు నాలుగు విషయాలు పాటించవలెనని మేము కోరుచున్నాము.

మొదటిది: ఏ పానీయం తేవచ్చునో, ఏది తేరాదో, లోపల ధర ఎంతో టికెట్టు అమ్మకముందే చెప్పవలెను. విశాఖ నుండి బయలుదేరే ఓడ అయితే ఆ మాట తెలుగులోను ఉండవలెను. సన్నని అక్షరాలలో ఎక్కడనో అచ్చువేసి, రేవు దగ్గర సీసాను లాగికొనడం తెలియజేయడం అనిపించుకొనదు.

రెండవది: మంచినీరు ఎల్లవేళల ఉచితంగా, సులభంగా దొరకవలెను. పెద్ద నౌకలు సముద్రపు నీటినే శుద్ధిచేసి త్రాగునీరుగా మార్చుకొనగలవు. అమెరికా రేవులకు వచ్చే ఓడల పరిశుభ్రతను అక్కడి ప్రజారోగ్య శాఖ 1975 నుండి ఒక ప్రత్యేక కార్యక్రమం క్రింద తనిఖీ చేయుచున్నది. అటువంటి నీరు కుళాయిలో ఉండగా, సీసా నీరే గతి అన్నట్లు ప్రయాణికుని భయపెట్టరాదు.

మూడవది: పసిపిల్లలకు, రోగులకు, మత నియమాలు పాటించేవారికి మినహాయింపు హక్కుగా ఉండవలెను, తనిఖీ చేసే ఉద్యోగి దయాధర్మంగా ఉండరాదు.

నాలుగవది: మద్యమే భయమైతే, తెరవని డబ్బాలను పరిమిత సంఖ్యలో అనుమతించవలెను, లేదా శీతల పానీయాలను భోజనంతోపాటు టికెట్టులోనే కలిపివేయవలెను. రెండూ ఆచరణలో ఉన్న పద్ధతులే. ఈ రెంటిలో ఒక్కటి చేసినా తగవు చాలవరకు తీరుతుంది.

ప్రయాణికుని వైపు ధర్మం కూడ కలదు. నియమం నచ్చకపోతే వ్రాతపూర్వకంగా అడగవలెను, నలుగురికి చెప్పవలెను, వేరొక ఓడను ఎన్నుకొనవలెను. అంతే గాని, దాచి తీసుకొని పోవడం గొప్ప తెలివి అనుకొనరాదు. ఒక్కని దొంగతనం వందమంది నిజాయితీపరుల సంచులను విప్పిస్తున్నదని మనం చూచితిమి. పైగా మనం మోసుకొని పోయిన ప్రతి ప్లాస్టిక్ సీసా ఓడలో చెత్తగా మిగులుతుంది. ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయరాదని అంతర్జాతీయ నిబంధన 1988 చివరి నుండి అమలులో ఉన్నది. కాబట్టి అవసరానికి మించి మోయకపోవడం సముద్రానికి కూడ మేలు.

వాణిజ్యశాస్త్రం చదివే మన విద్యార్థులకు ఒక మనవి. టికెట్టు కూడ ఒక ఒప్పందమే. దాని వెనుక ఉన్న షరతులను చదవడం తరగతిలో నేర్చిన పాఠానికి మొదటి ప్రయోగం. మన కళాశాల పాలక సంఘం వారు విద్యార్థులను విహారయాత్రకు పంపినప్పుడెల్ల, బస్సు కానీ, రైలు కానీ, ఓడ కానీ, ఆ షరతులను తెలుగులోను ఉర్దూలోను ముందుగా నోటీసు బోర్డు మీద పెట్టించితే అది మంచి అలవాటు కాగలదు. మరియు మన విద్యార్థులలో ఎవరైనను రేపు ఓడ మెట్ల దగ్గర తనిఖీ ఉద్యోగిగా నిలబడితే, ఎదుటివాని సంచిలోని సీసాను తీసివేసేటప్పుడు, నీరు ఎక్కడ ఉచితంగా దొరుకుతుందో కూడ చెప్పవలెనని మా కోరిక.