పుర్రచేయి: ఒక మాట వెనుక

మీకు తెలిసినవారిలో ఎడమచేత్తో రాసేవారు ఎవరైనా ఉన్నారా? చిన్నప్పుడు వారిని ఏమని పిలిచేవారో గుర్తు చేసుకోండి. ఒకవేళ మీదే ఎడమచేతి వాటమైతే నేను గుర్తు చేయనక్కరలేదు. "పుర్రచెయ్యి", "పుర్రచేతోడు" అనే పిలుపులు మీకు బాగా తెలిసే ఉంటాయి.

పుర్ర అంటే ఎడమ. పుర్రచేయి అంటే ఎడమచేయి. ఇంతవరకు ఇందులో తప్పేమీ లేదు. అయితే చేతి పేరును మనిషికి తగిలించి నలుగురిలో పిలిస్తే అది ఎగతాళి అవుతుంది. ఈ ఎగతాళిని మనం మానుకోవాలని నా అభిప్రాయం.

ఇతర భాషల్లో ఎలా ఉంది?

ఎడమచేతి వాటం వారిని హిందీలో ఖబ్బూ అంటారు. పంజాబీలో ఖబ్బా అంటే ఎడమ. తమిళ వాడుకలో ఎడమచేతిని పీచాంగై అంటారు. శౌచానికి వాడే చేయి అనే భావం అందులో ఉంది. ఇంగ్లీషులో ఎడమకు వాడే 'లెఫ్ట్' అనే మాటకు పూర్వం బలహీనం అనే అర్థం ఉండేది. లాటిన్‌లో ఎడమను తెలిపే 'సినిస్టర్' ఇంగ్లీషులోకి వచ్చి కీడును సూచించే మాట అయింది.

అమెరికాలో 'సౌత్‌పా' అనే మాట ఉంది. దక్షిణపు పంజా అని దాని అర్థం. బేస్‌బాల్ మైదానంలో బంతి విసిరే ఆటగాడు పడమరకు తిరిగి నిలబడితే అతని ఎడమచేయి దక్షిణం వైపు ఉంటుందనీ, అందువల్ల ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. కాని ఆ ఆట అంతగా వ్యాపించక ముందే, 1848లోనే, ఎడమచేతి దెబ్బకు ఈ మాట అచ్చులో కనిపిస్తుంది. కాబట్టి మైదానం కథను పూర్తిగా నమ్మలేం.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. మనవారు తూర్పుకు తిరిగి దిక్కులు చెప్పుకొన్నారు. అప్పుడు కుడిచేయి దక్షిణం వైపు ఉంటుంది. అందుకే సంస్కృతంలో దక్షిణం అంటే కుడి అని కూడా అర్థం. దిక్కు ఒక్కటే. మనకది కుడిచేయి, వారికి ఎడమచేయి. మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడన్నదే తేడా.

మరో మాట చూడండి. పని సవ్యంగా జరిగిందంటే సరిగా జరిగిందని అర్థం. గడియారపు ముళ్లు తిరిగే దిశను సవ్యదిశ అంటాం. కాని సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ! ఎడమచేత్తో కూడా బాణం వేయగలవాడు కనుక అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. మనం 'సరైనది' అనే అర్థంలో వాడుతున్న మాటలోనే ఎడమ దాగి ఉందన్నమాట.

మరి అభ్యంతరం ఎందుకు?

"తినే చేయి వేరు, కడుక్కొనే చేయి వేరు. పెద్దలు ఊరికే పెట్టారా?" అని మీరు అడగవచ్చు. సబ్బు అందరికీ అందుబాటులో లేని రోజుల్లో ఆ నియమానికి ఒక ప్రయోజనం ఉంది. ప్రసాదం కుడిచేత్తో తీసుకోవడం మన మర్యాద. దాన్ని కాదనను. కాని పలక మీద అక్షరం దిద్దడానికి ఆ నియమంతో సంబంధం ఏమిటి?

చేతివాటం దురలవాటు కాదు. సుమారు పదిమందిలో ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది. తల్లి గర్భంలో ఉండగానే శిశువు ఏ చేతి బొటనవేలిని ఎక్కువగా నోట పెట్టుకొంటుందో పరిశోధకులు గమనించారు. కాబట్టి దెబ్బలతో మార్చవలసిన విషయం కాదిది.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఉపాధ్యాయ వృత్తిలో చేరిన కొత్తలో, ఒక పిల్లవాడి ఎడమచేతిలోని సుద్దముక్క తీసి కుడిచేతిలో పెట్టాను. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. వాడు నా మాట విన్నాడు. కాని ఆ తరువాత ఎప్పుడు పిలిచినా నల్లబల్ల దగ్గరకు రాలేదు. లెక్క తెలిసి కూడా తెలియదనేవాడు. అది క్రమశిక్షణ అనుకొన్నాను. ఒక పిల్లవాడిని చదువుకు దూరం చేస్తున్నానని అప్పుడు గ్రహించలేదు.

గాంధీజీ 1909లో ఓడ ప్రయాణంలో 'హింద్ స్వరాజ్' రాస్తూ, కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత్తో రాశారు. కుడిచేత్తో బ్యాటు పట్టిన సచిన్ టెండూల్కర్ ఎడమచేత్తో రాస్తారు. చేయి ఏదైనా పని ముఖ్యమని వీరిని చూస్తే తెలుస్తుంది.

మీరు చేయగలిగింది

మీ ఇంట్లో ఎడమచేత్తో రాసే పిల్లలుంటే కాగితాన్ని కొంచెం ఎడమపక్కకు జరిపి, సవ్యదిశలో కాస్త తిప్పి పెట్టండి. రాసిన అక్షరాల మీద చేయి పడి సిరా అలుక్కుపోదు. పిల్లలను పేరు పెట్టి పిలవండి. పుర్రచేయి అనే మాటను చేతికే ఉంచండి.

ఆలోచించండి

1. శరీరాన్నిబట్టి మనుషులను పిలిచే మాటలు మీ ప్రాంతంలో ఏమున్నాయి? వాటిలో ఎగతాళి ఏది, కాదేది?
2. 'సవ్యం', 'దక్షిణం' అనే మాటల అర్థాలను మీ సొంత మాటల్లో వివరించండి.
3. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో పది వాక్యాలు రాయండి. ఏ చేత్తో రాసినా సరే.