శ్రీహరికోట పాతకాపులు

సికింద్రాబాద్‌లో చెన్నై రైలెక్కితే గూడూరు దాటాక సూళ్లూరుపేట వస్తుంది. అక్కడి నుంచి పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు మీద తూర్పుకి పోతే శ్రీహరికోట. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 రాకెట్ అక్కడి నుంచే లేచింది. చాలామందికి ఆ దీవి చరిత్ర ఆ రోజే మొదలవుతుంది.

నిజానికి దీవి పాతకాపులు యానాదులనే గిరిజనులు. 1835లో ప్రభుత్వం దీవిని చేతుల్లోకి తీసుకునేనాటికే వాళ్ల గుడిసెలు అడవిలో అక్కడక్కడా ఉన్నాయి. చేపలు పట్టేవారు. తేనె, కుంకుళ్లు, చిరువేరు తెచ్చి అధికారులకు అప్పగిస్తే తిండిగింజలు దక్కేవి. చిరువేరు మామూలు సరుకు కాదు, అద్దకంలో ఎర్రరంగు దానిదే. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చున్నది ఈ తీరపు బట్టల వర్తకం కోసమే. అద్దకం పేరెత్తితే మచిలీపట్నం గుర్తొస్తుంది గానీ, ఇసుకనేలలో వేరు తవ్వినవాళ్లు ఎవరికి గుర్తొస్తారు?

వాళ్ల గురించి రాసినవాళ్లు లేకపోలేదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద వేసిన ఏడు సంపుటాల్లో యానాదులకూ చోటిచ్చాడు. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టం మీద పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు, అదీ ఇంగ్లీషులో.

ఆ పుస్తకం వచ్చిన ఏడేళ్లకు, 1969లో, రాకెట్ కేంద్రానికి దీవిని ఎంపిక చేశారు. తూర్పు తీరం, కలిసొచ్చే భూభ్రమణం, ఎదురుగా సముద్రం, పలచని జనం. శాస్త్రజ్ఞుల లెక్కలో తప్పు పట్టడానికి లేదు. కాకపోతే అడవిని నమ్ముకున్నవాళ్లు పలచగానే బతుకుతారు. ఒకచోట గుంపుగా చేరితే దుంపలూ చాలవు, చేపలూ చాలవు. వాళ్ల బతుకు తీరే స్థలానికి యోగ్యత అయింది, వాళ్లకు మాత్రం ఎసరు పెట్టింది.

గూడేలు ఖాళీ అయ్యాయి. కొన్ని కుటుంబాలు దీవిలోనే మిగిలినా, ఇష్టమొచ్చినట్టు అడవిలో తిరిగే రోజులు పోయాయి. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకుంటే పత్రికల్లో ఫొటో తప్పనిసరి. యానాదుల ఊసు అరుదు.

అప్పటి పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి. ఏ గుడిసె ఏ వాగు పక్కన ఉండేదో, ఏ దుంప ఏ కార్తెలో తవ్వేవారో వాళ్ల నోటనే వినాలి. నెల్లూరు, తిరుపతి విశ్వవిద్యాలయాలు దగ్గరే ఉన్నాయి. విద్యార్థులను రికార్డర్లతో పంపి, విన్నది విన్నట్టు, వాళ్ల తెలుగులోనే అచ్చు వేయించవచ్చు.