బొంతగుడ్డకు గంజి



వేరుసెనగ పీకుట ముగిసి చలి మొదలగు దినములలో మా అనంతపురపుసీమ పల్లెలయందు బొంతలు కుట్టుట వాడుక. పాతచీరలు, పంచెలు పొరలుపొరలుగా పఱచి కుట్టునది యొక విధము. పేలికలను చదరములుగను, త్రికోణములుగను కత్తిరించి, ఒకదానితో నొకటి యతికి, దానిని పైపొరగా వేసి కుట్టునది వేఱొక విధము. ఈ రెండవదానిని గూర్చి ఇరుగుపొరుగు స్త్రీలు నన్ను తఱచుగా నడుగుదురు: "ఎంత కొలిచి కత్తిరించినను మూలలు కలియవేమమ్మా?" అని.

దోషము చేతిది కాదు, గుడ్డది. ఏండ్లతరబడి ఉతికిన నూలుచీర మెత్తనై, కత్తెరక్రింద జాఱును. పడుగువెంట గాని పేకవెంట గాని కోసిన అంచు కొంత నిలుచును. మూలవాటుగా కోసిన అంచు మాత్రము చేయి తగిలినంతనే సాగును. త్రికోణమునకు అట్టి అంచు ఒకటైనను తప్పదు. ఒక్కొక్క ముక్కలో నూలుపోగంత తేడా వచ్చినను, ఇరువది ముక్కలు చేరునప్పటికి అది వ్రేలెడు తేడా యగును.

దీనికి ఉపాయము మన వంటయింటనే యున్నది. బియ్యమందలి పిండిపదార్థము వేడినీట ఉబ్బి జిగురగును. ఆ జిగురు నూలుపోగులకు పట్టి, ఆఱినపిదప వానిని ఒకదానితో నొకటి బిగించి యుంచును. నేతవారు నూలుపడుగును సాగదీసి గంజి పట్టించి కుంచెతో దువ్వుట ఇందుకే. లేనిచో మగ్గముపై రాపిడికి పోగులు తెగును.

చేయవలసిన విధము వినుడు. గుడ్డను ముందు శుభ్రముగా ఉతికి, కుదించుకొనవలసినదంతయు కుదించుకొననిండు. ఒక లీటరు నీటికి రెండు పెద్దచెంచాల బియ్యపుపిండి చాలును. పిండిని మొదట కొంచెము చన్నీటిలో ఉండలు లేకుండ కలుపుకొని, మరుగుచున్న మిగిలిన నీటిలో పోసి, చిక్కబడి నిగనిగలాడువఱకు కలియబెట్టుడు. పలుచని బట్టలో వడకట్టుడు. గోరువెచ్చనైనపిదప చీరను ముంచి, గట్టిగా పిండి, నీడను ముడుతలు లేకుండ సాగదీసి యాఱవేయుడు. లేతరంగు గుడ్డలను ముందును, రంగు దిగు గుడ్డలను చివరను ముంచినచో ఒక్క గిన్నె గంజియే అన్నిటికి సరిపోవును. కొంచెము తడి యుండగనే ఇస్త్రీ చేయుడు. పెట్టెను లాగరాదు, లాగినచో అంచు మరల వంకరపోవును. ఎత్తి యెత్తి అదుమవలెను. గంజి పెట్టిన తరువాతనే కత్తిరింపవలెను గాని, కత్తిరించిన ముక్కలను ముంచరాదు. రాగిగంజి తెల్లగుడ్డకు మరక పట్టించును, వలదు. ఏ గంజియైనను ఆనాడే వాడుకొనవలెను. మఱునాటికి పులిసి వాసన పట్టును.

ఇక నా తప్పు చెప్పుకొందును. కాపురమునకు వచ్చిన క్రొత్తలో మా అత్తగారి పెండ్లినాటి నూలుచీర చిఱుగగా, దానిని ముక్కలు చేసి బొంత కుట్టితిని. బిరుసుగా నుండిన అందమను భ్రమతో గంజి చిక్కగా పెట్టితిని. కుట్టు ముగిసినపిదప ఉతుకక, అట్లే మడిచి పెట్టెలో దాచితిని. ఉతుకుటకు నీరెక్కడిది? ఆ యేడు మా వీథిబావి యెండియుండెను. మఱు చలికాలమున పెట్టె తెఱచి చూతునుగదా, పాతపుస్తకములను తిను వెండిరంగు పురుగులును, బొద్దింకలును గంజికై చేరి గుడ్డను జల్లెడ చేసియుండెను. అత్తగారు కోపపడలేదు. "అమ్మాయీ, గంజి చుట్టమువంటిది. పని కాగానే సాగనంపవలెను" అని మాత్రమనిరి. కావున అతుకుట ముగిసి, పొరలు చేర్చి కుట్టినపిదప, బొంతను గోరువెచ్చని నీట నానబెట్టి, జిగురు పోవునట్లు జాడించి, ఎండలో పూర్తిగా ఆఱనిచ్చి దాచుడు. ఆ నీటిని వేపచెట్టు పాదులో పోయుడు.

ఒక సోదరి "తినుగంజిని గుడ్డకు పోయుట పాపము కాదా?" అని నన్నడిగెను. ఆ మాట త్రోసివేయదగినది కాదు. మా సీమ పడమటికనుమల వానచాటున నున్నది; తూర్పుతీరపు వానలును ఇంతదూరము అంతంతమాత్రముగానే చేరును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే మా పాలు. 1876-78 నడుమ వచ్చిన ధాతకఱవును పెద్దలు కథలుగా చెప్పుదురు. 1952లో రాయలసీమలో కఱవు వచ్చినపుడు గంజికేంద్రములు తెఱచిరి. మా అత్తగారి తల్లి చెంబు పట్టుకొని అట్టి కేంద్రము ముంగిట నిలిచినదట. అందువలన మా యింట గంజిని ఊరక పాఱబోయరు.

నేడు చౌకదుకాణపు బియ్యము ఇంటింటికి వచ్చినది. కుక్కరు వచ్చినపిదప చాలయిండ్ల అన్నము వార్చుటయు పోయినది. అయినను నేను బొంత కుట్టు వారమున గిన్నెలోనే అన్నము వండి వార్చుదును. ఆ గంజి వేడిగా నున్నపుడే మొదట పిల్లలకు ఉప్పు వేసి గ్లాసెడు చొప్పున ఇచ్చెదను. తరువాత గుడ్డకు కావలసినంత వేఱుగా తీసి, సమముగా నీరు కలిపి వాడెదను. గుడ్డ తగులని శేషము పొరుగింటి యావు కుడితిలో చేరును. ఈ వరుస తప్పనంతకాలము పాపభయము అక్కఱలేదని నా మనవి.

చీరలు చిఱిగినను వానిని కట్టినవారి జ్ఞాపకము చిఱుగదు. అది బొంతగా మాఱి ఇంకొక తరమును చలినుండి కాపాడవలెనన్న, గంజిని కొలిచి పెట్టుడు. పని తీరగనే కడిగివేయుడు.