ముందు వేడినీటి నిర్ణయం, తర్వాతనే గొట్టాల బేరం

రాగి, జింకు, పి.వి.సి. రెజిన్ ధరలలో కదలిక కనిపించినప్పుడల్లా గొట్టాల బజారులో ఒకే మాట వినవస్తుంది: "ఇప్పుడే కొనండి, వారం ఆగితే రేటు పెరుగుతుంది." పాత ఇంటికి మరమ్మతు తలపెట్టిన గృహస్థులు ఈ మాట నమ్మి, ఏ గొట్టం ఎటు పోవాలో తేలకముందే సరకు ఇంటికి చేర్చుకొంటున్నారు. రేటులో కలసివచ్చిన సొమ్ము, వేసిన టైల్స్ తిరిగి పగులగొట్టించిన నాడు ఒక్క పూటలో హరించుకు పోతున్నది.

ధరల హెచ్చుతగ్గులు నిజమే. లండన్ విపణిలో రాగి 2024 మే నెలలో టన్నుకు 11 వేల డాలర్లు దాటి, జూన్‌లో 10 వేలకు దిగువకు వచ్చింది. పి.వి.సి. రెజిన్ విషయంలో దేశం దిగుమతులపై ఎక్కువగా ఆధారపడి వుంది గనుక విదేశాలలో కొరత ఏర్పడితే ఇక్కడి ధర ఎగబాకుతుంది. 2021లో ఇది అనుభవమైనదే. అయితే రెండు స్నానాల గదులున్న ఇంటికి కావలసిన సరకు టోకు వర్తకుని నిల్వ వంటిది కాదు. దానిపై అయిదు పది శాతం తేడా కంటె తాపీ పని, టైల్స్, కూలి రెండవసారి చెల్లించడమే భారం. అప్పు చేసి మరమ్మతు చేయించే జీతగానికి ఈ రెండవ ఖర్చు తట్టుకోరానిది.

సరకు గుణం తెలియాలి

పూర్వం పెరటిలో కాగులోనో, రాగి బాయిలరులోనో నీరు కాచి బకెట్టుతో మోసుకొనేవారు. గోడలో వేడినీటి గొట్టం ప్రసక్తి లేదు. ఆ ఇళ్లకే ఇప్పుడు గీజర్లు, సౌర హీటర్లు అమరుస్తున్నారు. చన్నీటికి వాడే మామూలు పి.వి.సి. గొట్టాలకు భారత ప్రమాణం 4985 పెట్టిన హద్దు 45 డిగ్రీలు. గీజరు నీరు 60 డిగ్రీలు వుండవచ్చు. చవక అని ఆ గొట్టమే వేస్తే అది మెత్తబడుతుంది, అతుకులు వదులుతాయి. వేడినీటికి ప్రమాణం 15778 ముద్ర గల సి.పి.వి.సి. తగినది. జి.ఐ. గట్టి సరకే గాని, 60 డిగ్రీలు దాటిన నీటిలో దాని జింకు పూత ఇచ్చే రక్షణ సన్నగిల్లుతుంది. బోరు నీటి సున్నం పేరుకొని దారి ఇరుకవుతుంది. రాగి మన్నికైనది. కాని నీటి దారిలో రాగి తర్వాత జి.ఐ. కలిపితే జి.ఐ. త్వరగా తుప్పు పడుతుంది.

వేడినీరు పుట్టే చోటును బట్టి గొట్టాల పొడవు, కొలత మారుతాయి. మేడ మీది సౌర హీటరు నుంచి క్రింది గదికి 20 మీటర్ల ముప్పాతిక అంగుళం జి.ఐ. గొట్టం వేస్తే అందులో సుమారు ఏడు లీటర్ల నీరు నిలుస్తుంది. ప్రతి ఉదయం అంత చల్లని నీరు పోయిన తర్వాతనే వేడినీరు అందుతుంది. చన్నీటి ట్యాంకు అడుగు మట్టం సౌర హీటరు ట్యాంకు కంటె ఎత్తున వుండవలెనన్న సంగతి మేస్త్రీకి ముందే తెలియాలి. సౌర హీటర్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినందున వీటి వైపు మొగ్గేవారు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

గ్యాస్ గీజరు విషయంలో పొరపాటు ప్రాణాంతకం. గాలి ఆడని స్నానాల గదిలో దానిని బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకొంటుంది. దానికి రంగు, వాసన లేవు. గీజరు గది బయట వుండాలంటే గొట్టం కూడా అక్కడికే పోవాలి. ఈ నిర్ణయం టైల్స్ వేసిన తర్వాత చేసేది కాదు.

బేరానికి ముందు

"పని జరిగేటప్పుడు చూసుకొందాం" అనే ప్లంబర్లు, అందుకు తల ఊపే గృహస్థులు ఇద్దరూ బాధ్యులే. వేడినీటి సాధనం ఏదో, ఎక్కడో మొదట తేల్చాలి. రెండు కిలోవాట్ల గీజరుకు వేరే విద్యుత్ లైను, ఎర్తు, 16 ఆంపియర్ల సాకెట్టు గుర్తించాలి. గొట్టాల దారి కాగితంపై గీయించి, దానిని బట్టి సరకు జాబితా వ్రాయించాలి. బేరం ఆ తర్వాత. గొట్టాలు బిగించి, గోడ మూయకముందే నీరు నింపి ఒత్తిడితో పరీక్షించాలి.

వర్తకులు సైతం విప్పని సరకును వాపసు తీసుకొనే షరతును బిల్లుపైనే వ్రాసి ఇస్తే మంచిది. అప్పుడు కొనుగోలుదారు రేటు భయంతో గాక, జాబితా చూసుకొని కొంటాడు. ఆ జాబితా తయారయ్యే నాలుగు రోజులలో రేటు కాస్త పెరిగినా, మొత్తం మీద ఇంటివారికి మిగులే తేలుతుంది.