రాష్ట్రం కంటే ముందు పుస్తకం

తెలుగువారికి రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. పునాది మాత్రం అంతకు చాలాముందే అచ్చుకూటాల్లో పడింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల విజ్ఞానచంద్రికా మండలి 1906లో మొదలైంది. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వెలువడింది. రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చేనాటికి అలాంటి పుస్తకాలు చదివి పెరిగిన తరం సిద్ధంగా ఉంది.

నైజాంలో తెలుగు కోసం పోరాటం మరింత కష్టం. తెలంగాణలో కవులే లేరన్న నిందకు సురవరం ప్రతాపరెడ్డి పుస్తకంతో బదులిచ్చారు. పద్యాలు సేకరించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. అంతకు మించిన జవాబు ఉంటుందా!

పుస్తకం ముందు నడవడం మన దగ్గరే కాదు. లిథువేనియాలో జారు ప్రభుత్వం 1864 నుంచి 1904 దాకా లాటిన్ లిపిలోని లిథువేనియన్ పుస్తకాలను నిషేధిస్తే, పల్లెజనం వాటిని మూటలుకట్టి దొంగచాటుగా సరిహద్దు దాటించారు. 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు.

మన విశాఖకూ అక్షరంతో అలాంటి బంధమే ఉంది. ఇది శ్రీశ్రీ, రావిశాస్త్రిల ఊరు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఊరూరా మోగిందీ ప్రాస కుదిరిన నినాదమే. రిఫైనరీ గోడ పక్కన పెరుగుతున్న మల్కాపురం కార్మికుల పిల్లలకు ఈ చరిత్ర చేతికందాలి. ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సును పారిశ్రామిక వాడల్లో పుస్తకాలకు, సాయంత్రం తెరిచి ఉండే పఠనమందిరాలకు ఖర్చుపెట్టాలి. ఈ ఏడాదే మొదలుపెట్టాలి.