వైరస్‌కు ముకుతాడు



వైరస్ అనగానే మనకు 2020 గుర్తొస్తుంది. హాస్టళ్లు మూసేస్తే పెట్టెలు నెత్తిన పెట్టుకొని ఇళ్లకు పోయిన రోజులవి. అందుకే ప్రయోగశాలల్లో వైరస్ జన్యువులు మారుస్తున్నారని వింటే "ఇదేం పోయేకాలం?" అంటాం. ఆ భయాన్ని మేము తప్పుపట్టం. కానీ అసలు ఏం మారుస్తున్నారో తెలుసుకున్నాకే మంచిచెడ్డలు మాట్లాడాలని మా అభిప్రాయం.

పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్‌నే తీసుకుందాం. ఆ వైరస్‌కున్నవి ఐదే జన్యువులు. ఒక నాడీకణం నుంచి దానితో ముడిపడిన మరో కణంలోకి పాకుతూ మెదడుకు చేరడం దాని నైజం. మెదడులో ఏ కణం దేనితో కలిసి ఉందో కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు ఆ నైజాన్నే వాడుకున్నారు. 2007లో అమెరికాలోని సాల్క్ సంస్థలో వికర్‌షామ్, కాలవే బృందం 'జి' జన్యువు తీసేసి, ఆ చోట పచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువు పెట్టిన వైరస్‌ను వాడింది. 'జి' లేనిదే వైరస్ పక్క కణానికి పోలేదు. తాము ఎంచుకున్న కణానికి మాత్రం 'జి'ని విడిగా అందించారు. వైరస్ అక్కడి నుంచి నేరుగా కలిసిన కణాల్లోకి పోయి, వాటిని పచ్చగా వెలిగించి, ఒక్క స్టేజీకే టిక్కెట్టున్న ప్రయాణికుడిలా ఆగిపోయింది.

అయినా చేరిన కణంలో అది పెరిగి, కొన్నాళ్లకు ఆ కణాన్ని దెబ్బతీసేది. వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి 'ఎల్' జన్యువు కావాలి. 2018లో వికర్‌షామ్ బృందం దాన్నీ తీసేసిన వైరస్‌ను ప్రకటించింది. దాంతో పాకడమే కాదు, పెరగడం కూడా మనిషి చేతికొచ్చింది.

ముకుతాడు వేశాం కదా అని ఎద్దును నడిబజారులో వదిలేయం. మన దేశంలో 1989 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి పని చేసే సంస్థల్లో జీవభద్రతా సంఘం ఉండాలి. అది కాగితాలకే పరిమితం కాకూడదని మేము గట్టిగా కోరుతున్నాం.

ఇది కుక్కకాటుకు మందు కాదని కూడా గుర్తుంచుకోండి. కుక్క కరిస్తే పావుగంట సబ్బునీళ్లతో కడగాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి సూదులన్నీ వేయించుకోవాలి. పసరు మందులు నమ్మొద్దు.

రేబిస్‌కు బలయ్యేది ఎక్కువగా పల్లెల్లోని పేదలు, పిల్లలు. అంటే మన ఇళ్లవాళ్లే. జబ్బు మన వాకిట్లో, దాని గుట్టు తెలిసిన ప్రయోగశాల ఎక్కడో ఉండటం మాకు నచ్చలేదు. ఆ బల్ల ముందు మనవాళ్లూ నిలబడాలి. బైపీసీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వైరస్ వ్యాధుల పట్టిక బట్టీ పట్టి ఆగిపోకండి. ఏ జన్యువు తీస్తే ఏ పని ఆగుతుందో అడగండి. ఎమ్మెస్సీలు చేసిన పూర్వ విద్యార్థులారా! ఒక్క ఆదివారం వచ్చి ఈ సంగతులు మాకు బోర్డు మీద వేసి చెప్పండి. స్టడీ అవర్ మీ కోసం ఖాళీగా ఉంచుతాం.

— ఇంటర్ బైపీసీ విద్యార్థులం