అది దొంగ వాయిద్యమా?

పిల్లలూ! ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పి, ఆ తర్వాత సైన్సులోకి వస్తాను.

రెండేళ్ల క్రితం మా ప్రాంతంలో పాఠశాలల సాంస్కృతిక పోటీలు జరిగాయి. వాయిద్య సంగీతానికి మేం ముగ్గురం న్యాయనిర్ణేతలం. సైన్సు మాస్టారికి అక్కడేం పని అంటారేమో, కాస్తో కూస్తో హార్మోనియం వాయిస్తాను లెండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి బల్ల మీద ఒక కీబోర్డు, దాని పక్కన ఒక ఇనుప పెట్టె పెట్టింది. రెంటినీ కలుపుతూ ఒక తీగ. ఆ పెట్టెను శాంప్లర్ అంటారు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా వాయించే వాళ్ల మేనమామ, పాతదైపోయిందని మూలన పడేసినదట. ఇంట్లో స్టీలు గ్లాసును చెంచాతో కొట్టి, ఆ చప్పుడును అందులో రికార్డు చేసుకొచ్చింది. ఆ ఒక్క చప్పుడుతోనే మోహన రాగంలో చిన్న గీతం వాయించింది. గ్లాసు కాసేపు గంటలా మోగింది, కాసేపు పిల్లనగ్రోవిలా పలికింది.

మేం ముగ్గురం తలలు దగ్గర పెట్టుకుని, "వాయించింది యంత్రం, అమ్మాయి కాదు" అని తేల్చి ఆమెను పోటీ నుంచి తప్పించాం. ఆ మాట మొదట అన్నది నేనే. ఆ అమ్మాయి వాదించలేదు. తీగ చుట్టుకుంటూ, "మరి హార్మోనియం కూడా పెట్టేగా సార్?" అని మాత్రం అడిగింది.

ఇంటికెళ్లాక ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. సరే, తేడా ఎక్కడుందో చూద్దాం.

హార్మోనియంలో మెట్టు నొక్కితే కింద రంధ్రం తెరుచుకుంటుంది. తిత్తిలోని గాలి అందులోంచి పోతూ ఇత్తడి రీడును కంపింపజేస్తుంది. కాని ఆ అమ్మాయి కీబోర్డు మీటలో గాలీ లేదు, రీడూ లేదు, అసలు శబ్దమే లేదు. ఉన్నది కబురు మాత్రమే. ప్రతి మీట కింద రెండు చిన్న స్విచ్చులుంటాయి. మొదటిది తగిలాక రెండోది ఎంతసేపటికి తగిలిందో చూసి, వేలు ఎంత వేగంగా దిగిందో కీబోర్డు లెక్కగడుతుంది. అప్పుడు తీగ వెంట మూడు అంకెలు వెళతాయి: "మీట నొక్కారు, అది 60వ నంబరు, వేగం 90" అన్నట్టుగా. ఈ కబురు చేరడానికి ఒక సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఇలా వాయిద్యాలు మాట్లాడుకునే భాష పేరు మిడి. 1983 జనవరిలో అమెరికాలోని అనహైమ్‌లో జరిగిన సంగీత పరికరాల ప్రదర్శనలో, ఒక అమెరికన్ కంపెనీ కీబోర్డును జపాన్ కంపెనీ కీబోర్డుకు తీగతో కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. పోటీ కంపెనీలు ఒకే భాషకు ఒప్పుకోవడం విశేషమే సుమా! ఈ పని చేయించిన డేవ్ స్మిత్, ఇకుతారో కకేహాషీలకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు.

కబురు అందుకున్నాక పెట్టె ఏం చేస్తుంది? రికార్డు చేసిన శబ్దం దానిలో అంకెల వరుసగా ఉంటుంది. మంచి నాణ్యత కావాలంటే సెకనుకు 44,100 అంకెలు. వాటిని రెట్టింపు వేగంతో చదివితే పౌనఃపున్యం రెట్టింపై స్వరం పై స్థాయికి వెళుతుంది. సగం వేగంతో చదివితే కింది స్థాయికి దిగుతుంది. పక్కపక్క మీటల మధ్య వేగం సుమారు 6 శాతం పెరుగుతుంది. అలా పన్నెండు మెట్లెక్కితే సరిగ్గా రెట్టింపు.

ఇక్కడ ఒక చిక్కుంది. గ్లాసు మోత 2 సెకన్లనుకోండి. పై స్థాయిలో అది ఒక్క సెకనులో అయిపోతుంది. పైగా గొంతు కూడా మారిపోతుంది. మా చిన్నప్పుడు టేపు రికార్డరును వేగంగా తిప్పితే తాతగారి గొంతు చిట్టెలుక గొంతయ్యేది. ఇదీ అలాంటిదే.

దీన్ని దాటడానికి శాంప్లర్ వాయించేవాళ్లు చేసే పని నాకు మహా ఇష్టం. శబ్దమంతా వాడకుండా, అందులో ఒకే ఒక తరంగాన్ని కత్తిరించి, దాన్నే తిరగలిలా తిప్పుతారు. సెకనుకు 44,100 అంకెలున్న రికార్డులో 441 హెర్ట్జ్ స్వరం తీసుకుంటే, ఒక తరంగానికి సరిగ్గా 100 అంకెలు. ఆ వంద అంకెలనే మళ్లీ మళ్లీ చదివితే, మీట వదిలేదాకా స్వరం ఆగదు. ఇది పేదరికంలోంచి పుట్టిన తెలివి. 1986లో వచ్చిన అకాయ్ ఎస్-900లో మెమరీ మొత్తం 750 కిలోబైట్లే. మంచి నాణ్యతతో అయితే 12 సెకన్ల శబ్దం కూడా పట్టేది కాదు!

అలా తిప్పినప్పుడు గ్లాసు గ్లాసులా ఎందుకుండదు? లోహపు గ్లాసు మోగినప్పుడు ప్రధాన స్వరంతో పాటు పుట్టే అతిస్వరాలు దానికి సరిగ్గా రెండింతలు, మూడింతలుగా ఉండవు. ఆ గణగణ అందువల్లనే. ఒకే తరంగాన్ని అచ్చుగుద్దినట్టు తిప్పితే అన్నీ ఖచ్చితమైన రెట్లలోకి వచ్చేస్తాయి. అంచేత అది పిల్లనగ్రోవికి దగ్గరవుతుంది. మొదటి దెబ్బను తీసేస్తే ఇంకానూ. 1948 ప్రాంతంలో పారిస్ రేడియోలో పనిచేసిన పియరీ షేఫర్ గంట మోతలోంచి మొదటి దెబ్బను తొలగించి విన్నాడు. అది గంటలా వినిపించలేదు! ఆపైన స్వరం మెల్లగా లేవాలా, టక్కున లేవాలా, ఎంత పదును ఉండాలి అన్నవి వాయించేవాళ్లే పెట్టె మీది మీటలతో నిర్ణయిస్తారు. అంటే అప్పుడు శాంప్లర్ టేపు రికార్డరు కాదు, సింథసైజరే అన్నమాట. తేడా ఒక్కటే: సింథసైజరులో తొలి తరంగాన్ని సాధారణంగా విద్యుత్ వలయం పుట్టిస్తుంది, ఇక్కడ అది వంటింట్లోంచి వచ్చింది.

మా సంగీతం టీచరుగారు దీనికి ఒప్పుకోరు. "వీణ మీద వేలు కాయలు కాసేదాకా సాధన చేసిన పిల్లకీ, మీట నొక్కితే వీణ పలికించే పిల్లకీ ఒకే బహుమతా?" అంటారు. ఆ మాటలో న్యాయముంది. ఎవరో రికార్డు చేసిన వీణ శబ్దాన్ని మీట మీద పలికిస్తే అది వీణ విద్య కాదు. గమకం మీటలో లేదు. మెట్టు మీద తీగను పక్కకు లాగినప్పుడు పుట్టే జారుడు, 60వ నంబరుకూ 61వ నంబరుకూ మధ్య ఎక్కడో ఉంటుంది.

అయితే ఆ మధ్యలోకి వెళ్లే దారి కూడా మిడిలో ఉంది. కీబోర్డు ఎడమ అంచున ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే స్వరం కిందికీ పైకీ జారుతుంది. ఆ జారుడును మిడి 16,384 మెట్లుగా చెప్పగలదు. ఆ రోజు ఆ అమ్మాయి ఎడమ చెయ్యి మొదటి నుంచి చివరిదాకా ఆ చక్రం మీదనే ఉంది. నేను చూశాను. శబ్దం పెంచుకుంటోందనుకున్నాను. ఆమె గాంధారాన్ని ఊపుతోందని అప్పుడు నాకు తట్టలేదు.

హార్మోనియంలో ఆ మాత్రం కూడా కుదరదు. అయినా హార్మోనియం వాయించిన కుర్రాడికి ఆ రోజు మేం రెండో బహుమతి ఇచ్చాం.

ఈ ఏడాది పోటీల నిర్వాహకులకు ఒక ఉత్తరం రాశాను. శాంప్లర్‌ను అనుమతించండి, కాని శబ్దాన్ని వాయించేవాళ్లే రికార్డు చేసి మలచుకోవాలన్న షరతు పెట్టండి అని. ఎలా పరీక్షిస్తారని వాళ్లు తిరిగి అడిగారు. తేలికే. వేదిక మీదే న్యాయనిర్ణేతలు ఒక వస్తువు చేతికివ్వాలి, పావుగంట సమయమివ్వాలి, దాంతో సరిగమలు పలికించమనాలి. వాళ్ల జవాబు ఇంకా రాలేదు. నా మట్టుకు నేను టిఫిను కారియర్ మూత సిద్ధంగా ఉంచుకున్నాను.